దేవాంగ పిల్లి జాడ పట్టడం, లెక్క కట్టడం, కాపాడుకోవడం: కొండ అడవిలో పనిచేసేవారికి సమగ్ర మార్గదర్శి

శేషాచలం కొండల చుట్టుపక్కల, పేరులో ‘పిల్లి’ ఉన్నా పిల్లి కాని జంతువులు రెండున్నాయి. ఒకటి పునుగు పిల్లి. శ్రీవారి అభిషేకానికి వాడే పునుగు తైలం పుణ్యమా అని ఆ పేరు ఇంటింటికీ తెలుసు. రెండోది దేవాంగ పిల్లి. దాన్ని చూసినవారు తక్కువ, చూడకుండానే భయపడేవారు ఎక్కువ. బరువు పావు కిలో. పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ, తోక లేని ఒళ్లు, ముఖమంతా తానే అయినట్టున్న రెండు గుండ్రటి కళ్లు. కోతులకూ మనకూ దూరపు చుట్టం, ప్రైమేట్ల వర్గంలోది. పగలంతా గుబురు కొమ్మల మధ్య బంతిలా ముడుచుకుని నిద్రపోయి, పొద్దు గూకాక వేటకు బయలుదేరుతుంది.

శాస్త్రవేత్తలు దీన్ని లోరిస్ లిడెక్కెరియానస్ అంటారు. దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ తప్ప మరెక్కడా ఉండదు. మన దేశంలో రెండు రకాలు. పడమటి కనుమల తేమ అడవుల్లో ఉండేది మలబారు రకం. తూర్పు కనుమల పొడి అడవుల్లో, ముళ్లకంపల్లో ఉండేది మైసూరు రకం. శేషాచలం, కౌండిన్య అభయారణ్యం మొదలుకొని తమిళనాడులోని దిండిగల్ కొండల దాకా ఈ రెండో రకానిదే కాపురం. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని ముప్పుకు చేరువలో ఉన్న జాతుల జాబితాలో ఉంచింది.

జంతుశాస్త్రం చదువుతున్న విద్యార్థులకు, అడవి పక్క ఊళ్లలో పనిచేయాలనుకునే యువతకు, ఆసక్తి ఉన్న అటవీ సిబ్బందికి ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను. ఈ పనికి ఖరీదైన పరికరాల కంటే ముందు కావలసినవి మూడు: తక్కువ వెలుతురు, తక్కువ వేగం, ఏమీ కనిపించని రాత్రిని కూడా నిజాయితీగా పుస్తకంలో రాసే అలవాటు. మూడోదే అన్నిటికంటే కష్టం.

1. అనుమతి లేకుండా అడుగు వేయవద్దు

దేవాంగ పిల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం, చంపడం అన్నీ నేరాలే. కనీస శిక్ష మూడేళ్ల జైలు, గరిష్ఠం ఏడేళ్లు. 2022 సవరణ తర్వాత జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు.

అభయారణ్యంలోకి పరిశోధన కోసం వెళ్లాలంటే ఆ చట్టంలోని 28వ సెక్షన్ కింద అనుమతి కావాలి. రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి దరఖాస్తు చేయాలి. ఏ కొండ, ఏ నెలలు, ఎంతమంది, ఏ పద్ధతి, జంతువును ముట్టుకుంటారా లేదా అన్నది స్పష్టంగా రాయండి. కేవలం చూసి లెక్కించే పనికి అనుమతి దొరకడం కొంత సులువు. పట్టి, రేడియో పట్టీ కట్టే పనికి 12వ సెక్షన్ కింద వేరే అనుమతి ఉంటుంది, దానికి కేంద్ర ప్రభుత్వ ఆమోదం కూడా కావాలి. మొదటిసారి పనిచేసేవారు ఆ దారి పట్టవద్దని నా సలహా. పావు కిలో జంతువుకు పన్నెండు గ్రాముల రేడియో పట్టీ అంటే ఒంటి బరువులో దాదాపు ఐదు శాతం. మెడ మీద ఆ బరువుతో అది సన్నని కొమ్మ చివర పురుగును అందుకోవాలి. అనుభవజ్ఞుడైన పశువైద్యుడు పక్కన లేకుండా ఆ పని తలపెట్టకూడదు.

శేషాచలంలో ఇంకో సంగతి ఉంది. అది ఎర్రచందనం కొండ. రాత్రిపూట లైటుతో అడవిలో తిరిగే మనిషిని ఎవరైనా మొదట దొంగ అనే అనుకుంటారు. చేతిలో కాగితం ఉన్నంత మాత్రాన చాలదు. ఆ రాత్రి గస్తీలో ఉన్నవారందరికీ మీరు వస్తున్నట్టు తెలిసి ఉండాలి. బయలుదేరే ముందు, తిరిగి వచ్చాక రేంజ్ ఆఫీసుకు ఫోను చేయండి. బీట్ ఆఫీసరో, ప్రొటెక్షన్ వాచరో మీతో ఉండటం మర్యాదే కాదు, మీ ప్రాణానికి భద్రత కూడా. చిరుతలు, ఎలుగుబంట్లు ఎటూ ఉన్నాయి. కౌండిన్యలో ఏనుగులూ తిరుగుతాయి. ఏనుగుల జాడ ఉందని ఊళ్లో చెబితే ఆ రాత్రి నడక మానుకోవడమే మంచిది.

2. పగలే దారి చూసుకోండి

రాత్రి నడవబోయే దారిని ముందుగా కనీసం రెండుసార్లు పగటి వెలుగులో నడవాలి. ఒక్కో దారి కిలోమీటరు నుంచి రెండు కిలోమీటర్లు ఉంటే చాలు. బావులు, జారుడు బండలు, తేనెపట్టులు, పాముపుట్టలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోండి. ప్రతి యాభై మీటర్లకు లైటు పడితే మెరిసే టేపు ముక్క కట్టి, జీపీఎస్‌లో నమోదు చేయండి. పని ముగిసిన రోజు ఆ ముక్కలన్నీ విప్పుకుని రావాలి.

కొత్తవారు తరచు చేసే పొరపాటు ఒకటుంది. నడవడానికి అడ్డంగా ఉన్నాయని తీగలు, కంపలు నరికేస్తారు. దేవాంగ పిల్లికి అవే రహదారులు. అది గెంతదు. ఒక కొమ్మ వదలాలంటే ముందు ఇంకో కొమ్మ చేతికి అందాలి. రేగు, బలుసు, తుమ్మ, బొంత జెముడు అల్లుకున్న ముళ్ల గుబురులోనే దానికి పగటి నిద్ర, రాత్రి వేట, శత్రువు నుంచి రక్షణ. మీరు వంగి నడవండి, కొడవలి మాత్రం తీయకండి.

అన్ని దారులూ జీపు బాట వెంబడే పెట్టుకోవద్దు. బాట అంచున చూపు బాగా ఆనుతుంది, పురుగులూ ఎక్కువే, కాబట్టి జంతువులు ఎక్కువ కనిపించవచ్చు. ఆ అంకెతో అడవి మొత్తాన్ని లెక్కగడితే తప్పుతుంది. కొన్ని దారులు లోపలికి, కొన్ని వాగు వెంట, కొన్ని పొలం గట్ల మీద ఉండాలి. పొలం గట్టును చిన్నచూపు చూడకండి. చింత చెట్లు, పాత కంచెలు మిగిలి ఉన్న మెట్ట భూముల్లోనూ ఇవి బతుకుతాయి. బెంగళూరులో చెట్లున్న విద్యాసంస్థల ఆవరణల్లో సైతం ఉన్నాయి. అక్కడ అర్బన్ స్లెండర్ లోరిస్ ప్రాజెక్టు (స్లెండర్ లోరిస్ అంటే ఇంగ్లీషులో దేవాంగ పిల్లే) పేరుతో మామూలు పౌరులే రాత్రి నడకలు చేసి వాటి వివరాలు సేకరించారు.

3. దీపం సంగతి

మొత్తం పనిలో అత్యంత ముఖ్యమైన పరికరం ఇదే, అత్యంత ప్రమాదకరమైనదీ ఇదే.

దేవాంగ పిల్లి కంటి వెనుక అద్దంలాంటి పొర ఉంటుంది. లోపలికి వెళ్లిన వెలుతురును అది వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది. అందుకే దీపం మీ కళ్ల పక్కనే ఉండాలి. నడుము దగ్గర పట్టుకున్న టార్చి వెలుగు తిరిగి నడుము దగ్గరికే పోతుంది, జంతువు ఎదురుగా ఉన్నా మీకు కనిపించదు. తలకు కట్టుకునే హెడ్ ల్యాంప్ అవసరం ఇందుకే.

దానికి ఎర్ర జిలుగు కాగితం రెండు మూడు మడతలు వేసి కట్టండి, లేదా ఎర్ర లైటు ఉన్నదే కొనండి. చీకటికి అలవాటుపడిన ఈ కళ్లు ఎర్ర వెలుగును సరిగా పట్టుకోలేవు, కాబట్టి వాటికి ఇబ్బంది తక్కువ. తెల్ల లైటు సూటిగా పడితే ఆ జంతువుకు కాసేపు చూపు పనిచేయదు. ఆ కాసేపట్లో అది కొమ్మ తప్పవచ్చు, గుడ్లగూబకు చిక్కవచ్చు. తెల్ల లైటు జేబులో ఉండాలి. అది పాముల కోసం, మీ అడుగుల కోసం, ఆపద కోసం. ఫ్లాష్‌తో ఫోటో ఎట్టి పరిస్థితిలోనూ తీయవద్దు. మంచి ఫోటో రాలేదని బాధపడేవారు ఈ పనికి కొంతకాలం దూరంగా ఉండటం మేలు.

మిగిలిన సామాను కొద్దిపాటిదే. మడమ దాటి వచ్చే బూట్లు, కర్ర, అదనపు బ్యాటరీలు, పెన్సిలు (తేమకు పెన్ను సిరా కారుతుంది), గట్టి అట్ట నోటు పుస్తకం, దూరం కొలిచే టేపు, దిక్సూచి, నీళ్లు. రక్తపింజర, కట్లపాము ఉన్న నేల ఇది. దగ్గరలో విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రి ఏదో, అక్కడికి ఎంతసేపు పడుతుందో పగలే కనుక్కుని రాసిపెట్టుకోండి.

4. రాత్రి నడక

చీకటి పడిన అరగంటకు మొదలుపెట్టండి. ముగ్గురు చాలు: ఒకరు చెట్ల పైభాగం, ఒకరు నడుము ఎత్తు నుంచి తల ఎత్తు దాకా ఉన్న పొదలు చూస్తారు, మూడోవారు నేల చూస్తూ రాస్తారు. నలుగురైతే చప్పుడు పెరుగుతుంది. గంటకు ఒక కిలోమీటరు మించి నడవకూడదు. వినడానికి తేలికగా ఉంటుంది గాని, మొదటి వారంలో అందరూ దీనికి రెట్టింపు వేగంతో నడుస్తారు. పది అడుగులు, ఆగడం, తల నెమ్మదిగా ఎడమ నుంచి కుడికి, కింది నుంచి పైకి తిప్పడం, వినడం, మళ్లీ పది అడుగులు. ఇంతే పని.

వినడం ఎందుకంటే, దేవాంగ పిల్లి ఈల వేస్తుంది. సన్నగా, చీకటిని కోసినట్టు వస్తుంది ఆ కూత. పగటి నిద్రకు ముందూ తర్వాతా, ఒకదానికొకటి ఎదురుపడినప్పుడూ ఎక్కువ వినబడుతుంది. వినబడిన సమయం, దిక్కు రాసుకోండి. అయితే చూసిన వాటితో కలిపి లెక్కించవద్దు, వేరే గడిలో ఉంచండి.

వెన్నెల, ఆకు, వాన మూడూ మీ లెక్కను మారుస్తాయి. శుక్ల పక్షమో కృష్ణ పక్షమో, మబ్బు ఉందో లేదో ప్రతి రాత్రీ రాయాలి. పొడి అడవిలో మాఘ ఫాల్గుణాల నాటికి ఆకు రాలి కొమ్మలు బోసిపోతాయి, కంటి మెరుపు చాలా దూరం నుంచి దొరుకుతుంది. కార్తీకంలో అదే దారిలో సగం కూడా కనిపించకపోవచ్చు. అంతమాత్రాన సంఖ్య తగ్గిందని కాదు. ఈ సంవత్సరం లెక్కను వచ్చే సంవత్సరం అదే నెల లెక్కతోనే పోల్చండి.

5. ఆ మెరుపు ఎవరిది?

అడవిలో రాత్రి మెరిసే కళ్లు బోలెడు. దేవాంగ పిల్లి కళ్లు నారింజ ఎరుపులో నిప్పు కణికల్లా ఉంటాయి. రెండూ దగ్గరగా, ముందుకు చూస్తూ, మీ వైపు తిరిగినప్పుడు జంటగా వెలుగుతాయి. కదిలితే తూగకుండా, గెంతకుండా, కొమ్మ వెంట జారినట్టు కదులుతాయి. పునుగు పిల్లి కళ్లు కాస్త పసుపు పచ్చగా మెరుస్తాయి, దాని తోక తప్పక కనిపిస్తుంది. నేల మీద ఎర్రగా ఒక్క కన్నే మెరిసి, దగ్గరికి వెళ్లగానే ఎగిరిపోతే అది రాత్రి పక్షి. గడ్డిలో సూదిమొనంత నీలి మెరుపులు సాలీళ్లవి. పండ్ల చెట్టు మీద గబ్బిలాల కళ్లు బాగా మోసం చేస్తాయి. రెక్క కదిలేదాకా ఆగండి. తిరుమల కొండల బండల మీద బంగారు బల్లి కూడా రాత్రిపూటే తిరుగుతుంది, దాన్ని చూసిన రాత్రి వృథా పోలేదనే అనుకోవాలి.

ఆకారం చూడకుండా కేవలం మెరుపును దేవాంగ పిల్లిగా రాయవద్దు. దుర్భిణితో ఒళ్లు, తోక లేని వెనుక భాగం చూశాకే లెక్కలో చేర్చండి. సందేహం ఉంటే ‘తేలలేదు’ అని రాయండి.

6. పుస్తకంలో ఏం రాయాలి?

కనిపించిన ప్రతిదానికీ: సమయం, దారిలో ఎన్నో మీటరు, దారి నుంచి లంబంగా ఎంత దూరం, నేల నుంచి ఎంత ఎత్తు, చెట్టు పేరు, కొమ్మ లావు (వేలంతా, మణికట్టంతా, అంతకంటే ఎక్కువా), పక్క చెట్టుతో కొమ్మలు కలిశాయా లేదా, ఒంటరిదా జంటా, ఆ క్షణాన ఏం చేస్తోంది. చెట్ల పేర్లు తెలియకపోతే సిగ్గుపడనక్కర్లేదు. ఆ ఊరి యానాది పెద్దను తోడు తీసుకోండి. పగటి కూలీకి తగ్గకుండా రాత్రి కూలీ ఇవ్వండి, మీ నివేదికలో సహకారం ఎవరిదో గౌరవంగా చెప్పండి. ఏ పుట్టలో ఏ చెదలు ఎప్పుడు రెక్కలతో లేస్తాయో వారికి తెలిసినంత మీకూ నాకూ తెలియదు. దేవాంగ పిల్లి తిండి అంతా అక్కడే ఉంది. దిండిగల్ జిల్లా అయ్యలూరు ప్రాంతంలో 1990ల చివర్లో ప్రైమేట్ల పరిశోధకురాలు అన్నా నెకారిస్ చేసిన అధ్యయనంలో దాని ఆహారం 90 శాతానికి పైగా పురుగులు, ఇతర చిన్న జీవులే అని తేలింది. ముఖ్యంగా చీమలు, చెదలు.

ఇక లెక్క. ఉదాహరణకు ఒకటిన్నర కిలోమీటర్ల దారులు రెండు, ఒక్కొక్కటి ఎనిమిది రాత్రులు నడిచారు. మొత్తం 24 కిలోమీటర్లు. ఆరు కనిపించాయి. అంటే కిలోమీటరుకు 0.25. ఈ అంకెను మరో కొండతో, మరో సంవత్సరంతో పోల్చవచ్చు. చదరపు కిలోమీటరుకు ఎన్ని ఉన్నాయో చెప్పాలంటే మాత్రం లంబ దూరాలతో వేరే గణితం కావాలి. దానికి కనీసం అరవై దర్శనాలైనా ఉండాలంటారు. ఆరింటితో ఆ లెక్క వేసి పెద్ద అంకె ప్రకటించడం జంతువుకే చేటు. ‘ఇక్కడ వందలున్నాయి’ అన్న మాట ఒకసారి కాగితం ఎక్కితే ఆ అడవికి రక్షణ అక్కర్లేదనేవారు దాన్నే చూపిస్తారు.

సున్నాల సంగతికి వస్తే, ఏమీ కనిపించని రాత్రిని చాలామంది రాయరు. రాయకపోతే ఏమవుతుందో చూడండి. ఒక కొండలో జంతువు నిజంగా ఉన్నా, ఒక్క నడకలో అది మీకు కనిపించే అవకాశం 30 శాతమే అనుకుందాం. మూడు రాత్రులు నడిచినా అసలు కనిపించకపోయే అవకాశం 34 శాతం ఉంటుంది. ఎనిమిది రాత్రులు నడిస్తే ఆ అవకాశం ఆరు శాతం లోపుకు దిగుతుంది. కాబట్టి మూడు రాత్రుల తర్వాత ‘ఇక్కడ లేదు’ అని రాసేవాడు మూడింట ఒకసారి తప్పు రాస్తున్నాడు. ‘ఎనిమిది రాత్రులు, పన్నెండు కిలోమీటర్లు, సున్నా’ అని రాసినవాడు అటవీ శాఖకు పనికొచ్చే సమాచారం ఇస్తున్నాడు. శ్రీలంకలోని హోర్టన్ ప్లెయిన్స్ పీఠభూమిలో ఉండే దీని దగ్గరి చుట్టం అంతరించిందనే దశాబ్దాల పాటు అనుకున్నారు. 2002లో ఒకసారి లీలగా కనిపించింది. 2009లో గాని దాని ఫోటో దొరకలేదు.

7. కనిపించాక

పది మీటర్ల కంటే దగ్గరికి వెళ్లవద్దు. ఒకే జంతువు దగ్గర పదిహేను నిమిషాలు చాలు. అంతసేపూ ఎర్ర లైటును దాని ముఖం మీద కాకుండా కొంచెం పక్కకు పట్టండి. అది కదలకుండా బిగుసుకుపోయి మిమ్మల్నే చూస్తుంటే, మీరు దాన్ని పరిశీలించడం లేదు, భయపెడుతున్నారు. వెనక్కి జరగండి. ప్రవర్తన నమోదు చేయాలంటే ఐదు నిమిషాలకోసారి ఆ క్షణాన ఏం చేస్తోందో ఒక్క మాట రాయండి: నడక, వేట, ఒళ్లు నాక్కోవడం, చూడటం, విశ్రాంతి.

కొమ్మను కరుచుకుని ఒంటరిగా ఉన్న పిల్ల కనిపిస్తే దాన్ని ఎవరూ వదిలేయలేదు. నెల దాటిన పిల్లను తల్లి సాయంత్రం ఒక కొమ్మ మీద దించి వేటకు వెళ్లి, తెల్లవారే లోపు తిరిగి వస్తుంది. జాలితో దాన్ని ఇంటికి తెచ్చినవారు తల్లీబిడ్డలను విడదీసినట్టే. చెట్టును గుర్తుపెట్టుకుని వెంటనే అక్కడినుంచి వెళ్లిపోండి.

కచ్చితమైన స్థలం ఎక్కడా ప్రచురించవద్దు. ఫోనుతో తీసిన ఫోటోలో స్థల వివరాలు దాగి ఉంటాయి, ముందే తీసేయండి. మండలం పేరు వరకు చాలు.

8. ఊరితో మాట

దేవాంగ పిల్లికి అడవిలో ఉన్న శత్రువుల కంటే మన నమ్మకాల్లో ఉన్న శత్రువులే ఎక్కువ. దాని కళ్లతో కంటిమందు చేయవచ్చనీ, చేతబడికి పనికొస్తుందనీ, ఎదురైతే అపశకునమనీ నమ్మి పట్టేవారు, కొట్టేవారు, అమ్మేవారు ఉన్నారు. దాని కళ్లలో ఏ మందూ లేదు. ఆ మాట సూటిగానే చెప్పాలి, అయితే వెక్కిరింతగా కాదు. ‘మీకేమీ తెలియదు’ అన్న గొంతుతో మొదలైన సభ అక్కడే ముగిసిపోతుంది. ముందు వారినే అడగండి: ‘మీ చిన్నప్పుడు ఏ చెట్టు మీద కనిపించేది? ఇప్పుడెందుకు కనిపించడం లేదు?’ ముసలమ్మలు చెప్పే జవాబుల్లో పాత అడవి పటం దొరుకుతుంది. రైతుకు చెప్పవలసిన మాట తేలిక: అది పంట ముట్టదు, కోళ్లను ముట్టదు, రాత్రంతా పురుగులు తింటుంది.

బడిపిల్లలతో చేసే పనికి ఫలితం త్వరగా వస్తుంది. ఈల శబ్దం రికార్డు చేసి వినిపించండి. ఆ రాత్రి నుంచి వాళ్లు ఇంటి పెరట్లో చెవులు రిక్కిస్తారు. పంచాయతీ స్థాయిలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉంటుంది. ఊరి జీవవైవిధ్య రిజిస్టరులో ఈ జంతువు పేరు, దాని ఆవాసమైన కంచెలు, పాత చెట్లు నమోదయ్యేలా చూడండి. రేపు రోడ్డు వెడల్పు చేస్తామన్నప్పుడు ఆ పేజీయే ఆధారం.

తమిళనాడు ప్రభుత్వం 2022 అక్టోబరులో కరూర్, దిండిగల్ జిల్లాల్లో 11,806 హెక్టార్లను కడవూర్ దేవాంగ పిల్లి అభయారణ్యంగా ప్రకటించింది. ఈ జంతువు కోసం దేశంలో ఏర్పడిన మొదటి అభయారణ్యం అది. ఏళ్ల తరబడి అక్కడ రాత్రి నడకలు నడిచిన పరిశోధకుల లెక్కలు లేకపోతే ఆ సరిహద్దులు గీయడం సాధ్యమయ్యేది కాదు. మన కొండల్లో అలాంటి లెక్కలు ఇంకా ఎన్నో రాయవలసి ఉంది.

9. చెట్టుకూ చెట్టుకూ మధ్య

గెంతలేని జంతువుకు నాలుగు మీటర్ల ఖాళీ పెద్ద అగడ్త. నేల మీదికి దిగుతుంది. అక్కడ కుక్కలు, బండ్లు. లేదా కరెంటు తీగ పట్టుకుని దాటబోతుంది. కాబట్టి మీ నడకల్లో కొమ్మలు తెగిపోయిన చోట్లన్నీ పటంలో గుర్తించండి. చనిపోయి దొరికిన జంతువు ఎక్కడ, ఎలా అన్నది కూడా రాయండి. రెండూ ఒకే చోట కలిస్తే పని అక్కడే మొదలవ్వాలి. తీగలకు తొడుగు వేయమని విద్యుత్ శాఖను అడగవచ్చు. రోడ్డుకు రెండు వైపులా చింత, మర్రి కొమ్మలు పైన కలిసేలా వదలమనవచ్చు. గట్ల మీద తుమ్మ, రేగు కంచె మళ్లీ పెంచవచ్చు. చెట్లు ఎదిగేలోపు తాడు వంతెనలు కట్టవచ్చు. జావా దీవిలోని సిపగంతి అనే కొండ ఊళ్లో పొలాలకు నీళ్లు పారే గొట్టాలనే చెట్ల మధ్య వంతెనలుగా కడితే, అక్కడి లోరిస్‌లు వాటి మీదుగా దాటాయి. రైతుకు నీళ్లు, జంతువుకు దారి.

10. చేతికి చిక్కినప్పుడు

ఎవరైనా దేవాంగ పిల్లిని పట్టుకుని మీ దగ్గరికి తెస్తే, ముందు చుట్టూ ఉన్న జనాన్ని పంపించండి. గాలి ఆడే అట్టపెట్టెలో మెత్తని గుడ్డ, పట్టుకోవడానికి ఒక కొమ్మ ముక్క పెట్టి, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచండి. మందపాటి గుడ్డ లేకుండా ముట్టుకోవద్దు, గట్టిగా కరుస్తుంది. పాలు, అరటిపండు పెట్టవద్దు. వెంటనే అటవీ శాఖకు ఫోను చేయండి. దెబ్బ తగిలి ఉంటే పశువైద్యుడు చూడాలి. ఏ గాయమూ లేకపోతే అదే రాత్రి, దొరికిన చోటికి దగ్గరలోనే, అటవీ సిబ్బంది సమక్షంలో కొమ్మలు కలిసి ఉన్న చెట్టు మీద వదలాలి. పెట్టె మూత తీసి పక్కకు జరగండి, లైటు ఆర్పేయండి. తేదీ, చెట్టు, వదిలిన సమయం పుస్తకంలో రాసి, వారం తర్వాత మళ్లీ ఆ దారిలో నడవండి.